మడమ నొప్పితో పరుగు: విశ్రాంతా, వ్యాయామమా, సూదా?

తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం మోగుతుంది. మంచం దిగి మొదటి అడుగు వేయగానే ఎడమ మడమ కింద పల్లేరుకాయ గుచ్చుకున్నట్టు ఉంటుంది. గోడ పట్టుకుని పది అడుగులు కుంటితే నొప్పి కాస్త సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని బూట్లు వేసుకుని పెన్నా ఒడ్డుకు వెళ్లి ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వస్తాం. మధ్యాహ్నం ఆఫీసు కుర్చీలోంచి లేచేసరికి ఆ పల్లేరుకాయ మళ్లీ అక్కడే ఉంటుంది. నెల్లూరులో నేను ఇలా నాలుగు నెలలు నెట్టుకొచ్చాను. వైద్యం మొదలుపెట్టాక బాగుపడడానికి ఇంకో పదకొండు నెలలు పట్టింది. అందులో ఐదు నెలలు శుద్ధ దండగ. వైద్యం దొరక్క కాదు, రెండు వారాలకొకటి మార్చినందుకు దండగ.

ఇప్పుడు పొద్దున పరుగుకు వచ్చేవాళ్లలో ఎవరైనా కుంటుతూ కనిపిస్తే, వాళ్లడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: "అన్నా, దేనితో త్వరగా తగ్గుతుంది?" త్వరగా తగ్గించేది ఒకటుంది, తగ్గి నిలిచేది ఇంకొకటి. మీ పరిస్థితికి ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ముందు ఇది మడమ శూలేనా?

మన పెద్దవాళ్లు మడమ శూల అన్నదాన్నే డాక్టర్లు ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ పాదం వంపు కుంగిపోకుండా పట్టి ఉంచేది అదే. మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు రోజూ పడితే, అది మడమకు అతుక్కున్న చోట దెబ్బతింటుంది. పరుగు దూరం ఒక్కసారిగా పెంచడం, బిగుసుకున్న పిక్కలు, పెరిగిన ఒంటి బరువు, గంటల తరబడి నిలబడే ఉద్యోగం, అరిగిపోయిన బూట్లు ఇందుకు మామూలు కారణాలు.

దీని గుర్తులు పట్టుకోవడం కష్టం కాదు. నొప్పి మడమ అడుగున, కాస్త లోపలి వైపు ఉంటుంది. ఉదయం మొదటి అడుగులో, చాలాసేపు కూర్చుని లేచినప్పుడు ఎక్కువగా ఉంటుంది. కాస్త నడిచాక తగ్గి, సాయంత్రానికి మళ్లీ వస్తుంది.

ఈ వరుస తప్పితే ఇక్కడ చదవడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతూ రాత్రి పడుకున్నా వదలకపోయినా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. పాదం పైభాగాన వేలితో చూపించగలిగేంత ఒకే చోట నొప్పి ఉన్నా అదే అనుమానం. అలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని పరుగు కొనసాగించి, సన్నని పగులున్న ఎముకను పూర్తిగా విరగ్గొట్టుకున్నవాళ్లున్నారు. అరికాలిలో మంటలు, తిమ్మిర్లు ఉంటే నరం సంగతి చూడాలి. వయసులో ఉన్నవాళ్లకు రెండు మడమలూ నొప్పి పుడుతూ, ఉదయం నడుము కూడా పట్టేస్తుంటే అది కీళ్లవాతం డాక్టరు చూడవలసిన విషయం.

ఇంకో మాట. ఎక్స్‌రేలో మడమ కింద ఎముక ముల్లులా పెరిగిందని చెబితే గుండెలు బాదుకోవద్దు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఆ ముల్లు చాలామందికి ఉంటుంది. నాకు కుడి మడమలోనూ ఉంది, అది ఏనాడూ నొప్పి పెట్టలేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఆలస్యంగా నేర్చుకున్న కొలతలు ఇవి. ఉపశమనం ఎన్నాళ్లకు వస్తుంది? వచ్చింది ఎన్నాళ్లు నిలుస్తుంది? అంతవరకు పరుగు ఎంత వదులుకోవాలి? వికటిస్తే ఎంత నష్టం? ఖర్చు ఆఖరున చూడవచ్చు, ఎందుకంటే ఇందులో బాగా పనిచేసేవి చవకైనవే.

వీటన్నిటికీ న్యాయమూర్తి ఒకరే: మరుసటి ఉదయం మొదటి అడుగు. పరుగెత్తుతున్నప్పుడు నొప్పి లేదన్నది సాక్ష్యం కాదు, ఒళ్లు వేడెక్కితే నొప్పి దాక్కుంటుంది. నేను క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కనే రోజూ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసేవాణ్ని. ఒక రోజు అంకెతో ఏమీ తెలియదు. రెండు వారాల అంకెలు వరుసగా చూస్తే, చేస్తున్నది పనిచేస్తోందో లేదో దాచినా దాగదు.

| మార్గం | ఉపశమనం | నిలకడ | పరుగు సంగతి | ఖర్చు | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| పూర్తి విశ్రాంతి | 2–3 వారాలు | తక్కువ | పూర్తిగా బంద్ | లేదు | పాదం, పిక్క బలహీనపడతాయి |
| పరుగు తగ్గించి కొనసాగించడం | నెమ్మదిగా | మిగతావాటితో కలిస్తే మంచిది | సగానికి తగ్గుతుంది | లేదు | మనసు మాట వినదు |
| సాగదీత | కొన్ని వారాలు | మధ్యస్థం | అడ్డు కాదు | లేదు | దాదాపు లేదు |
| బరువుతో మడమ ఎత్తే వ్యాయామం | 2–3 నెలలు | బాగుంటుంది | అడ్డు కాదు | ఒక తువ్వాలు | తొందరపడితే నొప్పి పెరుగుతుంది |
| చెప్పులు, బూట్లు, మెత్తలు, టేపు | అదే రోజు నుంచి | వాడినన్నాళ్లు | అడ్డు కాదు | మధ్యస్థం | వాటితోనే సరిపెట్టుకోవడం |
| స్టెరాయిడ్ సూది | కొద్ది రోజుల్లో | సుమారు నెల | కొన్నాళ్లు ఆపాలి | మధ్యస్థం | పట్టీ తెగే ప్రమాదం |
| షాక్‌వేవ్ (ధ్వని తరంగాల చికిత్స) | కొన్ని వారాలు | కొందరికి బాగుంటుంది | డాక్టరు చెప్పినట్టు | ఎక్కువ | చికిత్స సమయంలో నొప్పి |

విశ్రాంతి

అందరూ చెప్పేది ఇదే: "మూడు వారాలు కాలు కదపకు." నేను కదపలేదు. మూడో వారానికి మొదటి అడుగు అంకె ఏడు నుంచి రెండుకు దిగింది. నాలుగో వారం ఆరు కిలోమీటర్లు పరుగెత్తాను, మర్నాటి అంకె ఎనిమిది. విశ్రాంతి నొప్పిని తగ్గించింది గానీ పట్టీకి బలం ఇవ్వలేదు, ఉన్న బలం కూడా కాస్త తీసుకుపోయింది. నడకలోనే కుంటుతున్నవాళ్లు వారం పది రోజులు పరుగు ఆపాలి, అందులో వాదన లేదు. అంతకు మించి విశ్రాంతినే వైద్యం అనుకుంటే నాలాగే అవుతుంది.

మామూలు నడకకు ఇబ్బంది లేనివాళ్లు దూరాన్ని సగానికి తగ్గించడం మేలు. వేగపు పరుగులు, వంతెనల ఎత్తు ఎక్కే పరుగులు మానేయాలి, రోజు విడిచి రోజు పరుగెత్తాలి. పరుగులో నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటి అంకె ముందు రోజుకన్నా పెరగకూడదు. పెరిగితే దూరం ఇంకా తగ్గించాలి. ఊపిరి పట్టు పోతుందన్న బెంగ ఉంటే సైకిలు తొక్కండి, అందుబాటులో కొలను ఉంటే ఈత కొట్టండి. ఈ రెండింటిలోనూ మడమకు దెబ్బ తగలదు.

సాగదీత, బరువు వ్యాయామం

సాగదీత మంచం మీదే మొదలుపెట్టాలి, మొదటి అడుగు వేయకముందే. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, చేత్తో కాలివేళ్లను వెనక్కి, ముంగాలి వైపు లాగాలి. అరికాలిలో పట్టీ వీణ తీగలా బిగుసుకోవడం రెండో చేతి బొటనవేలికి తెలుస్తుంది. పది లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. రోజుకు మూడు పూటలు. దీనికి ఖర్చూ లేదు, ప్రమాదమూ లేదు, ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఉదయపు మొదటి అడుగు కాటును తగ్గించడంలో దీనికి సాటి లేదు.

నన్ను మళ్లీ పరుగులోకి తెచ్చింది మాత్రం రెండోది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు 48 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు సాగదీత, రెండో జట్టుకు బరువు వ్యాయామం ఇచ్చారు. మడమ మెత్తలు రెండు జట్లకూ ఇచ్చారు. మూడు నెలల దగ్గర బరువు వ్యాయామం చేసినవాళ్లు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. ఏడాది దగ్గర చూస్తే ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. తొందర లేనివాళ్లకు సాగదీత చాలు, త్వరగా మైదానంలోకి దిగాలనుకునేవాళ్లకు బరువు మేలు అని నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

చేసే విధానం ఇది. మెట్టు అంచున నిలబడాలి. గడప మీద వద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, మా అమ్మ అసలే ఊరుకోలేదు. తువ్వాలును గట్టిగా చుట్టి కాలివేళ్ల కింద పెట్టాలి. వేళ్లు పైకి లేచి ఉంటేనే పట్టీ మీద బరువు పడుతుంది, ఈ వ్యాయామంలో అసలు కిటుకు అదే. ఒంటికాలి మీద మూడు సెకన్లలో మడమ ఎత్తాలి, పైన రెండు సెకన్లు ఆగాలి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు చేయాలి. మొదట పన్నెండేసి చొప్పున మూడు విడతలు. రెండు వారాల తర్వాత వీపు సంచిలో బరువు వేసి పదేసి చొప్పున నాలుగు విడతలు. ఇంకో రెండు వారాలకు బరువు పెంచి ఎనిమిదేసి చొప్పున ఐదు. ఒంటికాలి మీద రాకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి.

నా వీపు సంచిలో బరువు మొలగొలుకుల బియ్యమే. రెండు కిలోలతో మొదలై పది కిలోల దాకా వెళ్లింది. మొదటి మూడు వారాలు క్యాలెండర్ మీద అంకె కదలలేదు, ఒకసారి పెరిగింది కూడా. ఎక్కువమంది ఇక్కడే మానేస్తారు. వెనకటికి రెండుసార్లు నేనూ ఇక్కడే మానేశాను. ఏడో వారంలో ఐదు మూడైంది. ఆ తర్వాత తగ్గడం ఆగలేదు.

కాలికింద వేసుకునేవి

మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను ప్రపంచమంతా కొనుక్కుంటుంది, మనమైతే ఇంటినిండా పరుచుకుంటాం. చూడడానికి నక్షత్రాల ఆకాశంలా ఉంటుంది, మడమకు మాత్రం బండరాయే. రోజుకు ఒక గంట పరుగెత్తడానికి వేలు పోసి మెత్తని బూట్లు కొంటాం, మిగతా సమయమంతా వట్టి కాళ్లతో ఆ రాతి మీద తిరుగుతాం. ఇంట్లో చెప్పులేమిటని అంటారు. వీధిలోకి వెళ్లని జత ఒకటి ఇంటికోసమే వేరుగా పెట్టుకోండి, పూజగది గుమ్మం దగ్గర వదలండి. ఎంసీఆర్ చెప్పులని (మెత్తని రబ్బరు అడుగున్నవి) అడిగితే చెప్పుల దుకాణంలోనో మందుల దుకాణంలోనో దొరుకుతాయి. నేను కొన్నవాటిలో దేనికి ఎక్కువ విలువ దక్కిందంటే ఈ చెప్పులకే.

బూట్లలో పెట్టుకునే మెత్తల విషయంలో దుకాణదారులు రెండు రకాలు చూపిస్తారు: రెడీమేడ్, పాదం కొలత తీసి చేసేవి. రెండోది చాలా ఖరీదు. ఆస్ట్రేలియాలో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఈ రెండింటికీ తేడా కనబడలేదు. మొదటి నెలల్లో కొద్దిపాటి మేలు ఉంది, ఏడాది తర్వాత ఉత్తుత్తి మెత్త పెట్టుకున్నవాళ్లూ వీళ్లూ ఒకే దగ్గర ఉన్నారు. కనుక రెడీమేడ్ కొని, మిగిలిన డబ్బుతో అరిగిన బూట్లు మార్చుకోండి. పరుగు బూట్లు మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి. మడమ వైపు కాస్త ఎత్తుగా ఉన్నవి ఈ దశలో సుఖం. పలచని అడుగున్న బూట్లతో ప్రయోగాలు ఇప్పుడు వద్దు.

ఫిజియో వేసే టేపు కొద్ది రోజులు హాయినిస్తుంది. పెళ్లిలో రోజంతా నిలబడాల్సి వచ్చినప్పుడు అది దేవుడిచ్చిన వరం.

సూది

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఆశ పెట్టేది ఇదే.

మడమకు స్టెరాయిడ్ సూది వేయించుకుంటే చాలామందికి రోజుల్లోనే నొప్పి తగ్గుతుంది. ఆ సుఖం నెల దాకా ఉంటుంది, ఆ తర్వాత దాని బలం క్రమంగా తగ్గిపోతుంది. నేను వేయించుకున్నాను. రెండో వారానికి కాలు కొత్తగా వచ్చినట్టు ఉంది. మొదటి అడుగు అంకె సున్నా. సున్నా చూసి ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాను. ఐదో వారం నొప్పి తిరిగొచ్చింది, వడ్డీతో సహా. తప్పు సూదిది కాదు. నొప్పి పోయింది గానీ దెబ్బ పోలేదు, నేను రెండూ ఒకటే అనుకున్నాను.

దీని నష్టాలు చిన్నవి కావు. పట్టీ తెగిపోయే అవకాశం ఉంది, అది అరుదే కానీ తెగితే నెలల తరబడి మూలన కూర్చోవాలి. మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పలచబడవచ్చు. సూదులు పదే పదే వేయించుకుంటే ఈ రెండూ ఎక్కువవుతాయి. షుగరు ఉన్నవాళ్లకు కొన్నాళ్లు రక్తంలో చక్కెర పెరుగుతుంది.

మరి ఎవరికి పనికొస్తుంది? నొప్పితో వ్యాయామమే చేయలేనివాళ్లకు, నిద్ర, నడక పాడైనవాళ్లకు. ఆ నెల సుఖాన్ని పరుగుకు ఖర్చు చేయకుండా వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకోగలిగితే సూది మంచి పెట్టుబడి. పోటీ వారం రోజుల్లో ఉందని వేయించుకోవాలనుకుంటే వద్దు.

నొప్పి మాత్ర మింగి పరుగుకు వెళ్లడం దీనికి చవకబారు తమ్ముడు. పైగా మన ఎండల్లో చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకూ భారం.

షాక్‌వేవ్, ఇంకొన్ని

మూడు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా అంకె దిగకపోతే అప్పుడు షాక్‌వేవ్ గురించి అడగండి. మడమ మీద యంత్రంతో ధ్వని తరంగాల దెబ్బలు కొడతారు, వారానికొకటి చొప్పున సాధారణంగా మూడు నుంచి ఐదు సార్లు. ఏ జబ్బుకైనా చెన్నై రైలెక్కడం మన నెల్లూరు వాళ్లకు అలవాటు. ఎక్కేముందు ఊళ్లోని ఫిజియోలను వాకబు చేయండి, ఐదు వారాలు ఐదు ప్రయాణాలంటే మాటలు కాదు. శస్త్రచికిత్స దాకా వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఏడాదిలోపు కోత లేకుండానే తగ్గుతుంది.

ఇటుక వేడిచేసి, జిల్లేడు ఆకు పరిచి మడమతో తొక్కే కాపడం మా నాయనమ్మ వైద్యం. వెచ్చదనానికి హాయిగానే ఉంటుంది, కాదనను. జిల్లేడు పాలు కంటికి తగలకుండా చూసుకోండి. షుగరుతో పాదం స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

మీరు ఎవరైతే ఏది

*కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నవాళ్లు.* 1600 మీటర్ల పరుగు తేదీ మీ చేతిలో ఉండదు. మూడు నెలల వ్యవధి ఉంటే ఈరోజే బరువు వ్యాయామం మొదలుపెట్టండి, వేగపు పరుగులు వారానికి ఒక్కసారికి తగ్గించండి, ఊపిరి కోసం సైకిలు తొక్కండి. నెల రోజులే ఉంటే టేపు, మెత్తలు, సాగదీతతో నెట్టుకురండి, పరీక్ష అయ్యాక అసలు వైద్యం చేయించుకోండి. గ్రౌండులో తోటివాళ్లు సూది వేయించుకుని పరుగెత్తారని విన్నా తొందరపడవద్దు. పట్టీ తెగితే ఈ నోటిఫికేషనే కాదు, తర్వాతది కూడా పోవచ్చు.

*నలభై దాటి, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లు.* మీకు తేదీ ఏదీ లేదు, అదే మీ బలం. పరుగు సగానికి తగ్గించి, వ్యాయామం, ఇంటి చెప్పులతో ఆరు నెలలు ఓపిక పట్టండి. రెండు మూడు కిలోల ఒంటి బరువు తగ్గినా మడమకు తెలుస్తుంది.

*పొద్దున నడకకు వెళ్లి, పగలంతా వంటింట్లో నిలబడేవాళ్లు.* మీ సమస్య నడకలో లేదు, పొయ్యి ముందు రాతి మీద ఉంది. నడక మానకండి, ముందు చెప్పులు వేసుకోండి. ఈ వ్యాసంలో ఇంకేమీ చేయకపోయినా ఆ ఒక్కటీ, మంచం మీది సాగదీతా చేయండి.

*షుగరు ఉన్నవాళ్లు.* ఇంట్లో కూడా వట్టి కాళ్లతో నడవవద్దు. నొప్పి ఉందంటే స్వయంగా వైద్యం మొదలుపెట్టకుండా ముందు పాదాలు చూపించుకోండి.

*అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు, అరుణాచల గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లు.* నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా ఉండడం, పద్నాలుగు కిలోమీటర్లు తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో నడవడం మడమ శూల ఉన్నవాళ్లకు పెద్ద పరీక్ష. భక్తికి నేను అడ్డం రాను. వ్యాయామం మూడు నెలల ముందే మొదలుపెట్టండి. నొప్పి సంగతి గురుస్వామితో ముందే చెప్పండి, మొక్కు వచ్చే ఏడాదికి వాయిదా వేయడం కూడా ఒక దారే.

మళ్లీ పరుగు, ఎక్కడ?

అరగంట గట్టిగా నడిచినా మర్నాటి అంకె కదలడం లేదంటే పరుగు మొదలుపెట్టవచ్చు. నేను రెండు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు చొప్పున పదిసార్లతో మొదలుపెట్టాను. నేల విషయంలో గట్టిపడిన మట్టిదారిని మించింది లేదు, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా గ్రౌండు చుట్టూ పరుగెత్తడం దానికి దగ్గరగా ఉంటుంది. సిమెంటు రోడ్డు గట్టిదే అయినా సమంగా ఉంటుంది, మంచి బూట్లుంటే ఫరవాలేదు. హైవే పక్కన వాలుగా ఉన్న అంచు మాత్రం వద్దు, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది.

ఇక సముద్రం. మెత్తగా ఉంటుంది కదా, ఇసుకలో పరుగెత్తితే మంచిదేనా అని అందరూ అడుగుతారు. మెత్తని ఇసుకలో మడమ లోతుకు దిగి, పిక్కా పట్టీ మామూలుకన్నా ఎక్కువ సాగుతాయి. నీళ్ల అంచున తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలుతుంది. కొత్తపట్నమైనా మైపాడైనా ఇదే లెక్క. నొప్పి పూర్తిగా పోయి మూడు నాలుగు నెలలు గడిచాక, కొద్ది దూరంతో చూడవచ్చు. నాకు తగ్గి ఏడాది దాటింది. అయినా ఆదివారం పిల్లలతో మైపాడు వెళ్తే నీళ్ల దాకా ఎంసీఆర్ చెప్పులతోనే నడుస్తాను, వాళ్లు నవ్వుతూనే ఉంటారు.